సూది పరీక్ష, ముక్క పరీక్ష, స్లైడు మీద రంగులు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో రొమ్ములో గడ్డల గురించి నాలుగు మాటలు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ సందేశాల్లో చాలావరకు ఒక రిపోర్టు ఫొటో, దాని కింద ఒకటే ప్రశ్న: "ఇది క్యాన్సరేనా మేడమ్?" ఫొటో చూసి ఆ మాట నేను చెప్పకూడదు. నేను చూడాల్సింది స్లైడు, అంటే కణాలో ముక్కో అంటించి రంగు వేసిన చిన్న అద్దం. అయితే ఆ స్లైడు ఎలా తయారవుతుందో, దానిమీద ఇన్ని రంగులు ఎందుకో, ఏ రంగు ఎంతవరకు చెప్పగలదో మాత్రం ఇంట్లో అందరికీ తెలిసేలా చెప్పగలను. చెన్నైలో మా ల్యాబ్ కౌంటర్ దగ్గర వినబడే మాటల్లో సగం తెలుగే. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి పొద్దున బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. నేను పాథాలజిస్టును, అంటే స్లైడు చదివే డాక్టరును. మైక్రోస్కోప్ ముందు కూర్చునే నేను వాళ్లకు ఎదురుపడను. వాళ్లతో మాట్లాడే అవకాశం నాకు ఈ పేజీలోనే దొరుకుతుంది. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

సూళ్లూరుపేట నుంచి ఒక గృహిణి, 31 ఏళ్లు: డాక్టరమ్మ గారూ, కుడి రొమ్ములో చిన్న గడ్డ తగిలితే చెన్నైలో సూది పరీక్ష చేశారు. వచ్చినదాన్ని నాలుగు అద్దాల మీద రాశారు. రెండింటిని వెంటనే స్పిరిట్ లాంటి దాంట్లో ముంచారు, రెండింటిని ఫ్యాను కింద ఆరబెట్టారు. ఒకే గడ్డకు రెండు రకాలెందుకు? ఏదన్నా పాడైందా? రిపోర్టులో ఫైబ్రోఅడినోమా అని ఉంది. సూది గుచ్చించుకున్నావు, ఇక గడ్డ చెలరేగుతుంది అని మా అత్తయ్య భయపెడుతోంది.

ఏదీ పాడవలేదమ్మా, రెండూ కావాలని చేసినవే. ఫైబ్రోఅడినోమా అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ. సూదిలోకి వచ్చేది గడ్డలోంచి ఊడిన కణాలు మాత్రమే, ముక్క రాదు. సూది కూడా సన్నదే, 22 నుంచి 24 గేజ్ మధ్య (ఈ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం). కణాలకు సొంతంగా రంగంటూ లేదు. అలాగే మైక్రోస్కోప్ కింద పెడితే నాకు దాదాపు ఏమీ కనబడదు. రంగు వేయాలి. అంతకుముందు ఆ కణం చెడిపోకుండా ఉన్నదున్నట్టు నిలవాలి. అలా నిలబెట్టడానికి మాకు రెండు దారులున్నాయి.

మీకు స్పిరిట్ లాగా అనిపించింది 95 శాతం ఆల్కహాల్. అద్దం మీద తడి ఆరకముందే, సెకన్లలో అందులో పడాలి. అలా ముంచినవాటికి పాపనికొలావ్ రంగు వేస్తాం. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ పరీక్ష గురించి వినే ఉంటారు. గ్రీసులో పుట్టి అమెరికాలో పనిచేసిన డాక్టర్ జార్జ్ పాపనికొలావ్ 1942లో ప్రకటించిన రంగు ఇది. ఇందులో కేంద్రకం లోపలి వివరం స్పష్టంగా తెలుస్తుంది. దాని అంచు నున్నగా ఉందా, గతుకులు పడిందా, లోపలి పదార్థం సమంగా పరుచుకుందా, గరుకుగా గడ్డకట్టిందా అన్నది ఈ అద్దం మీదే నేను తేల్చుకుంటాను.

ఆరబెట్టినవాటికి గీమ్సా జాతి రంగు. మలేరియా క్రిమిని రక్తంలో పట్టుకోవడానికి జర్మనీలో గుస్టాఫ్ గీమ్సా 1904లో మెరుగుపరిచిన రంగే, ఇప్పుడు గడ్డలకూ పనికొస్తోంది. ఆరేటప్పుడు కణం అద్దం మీద వెడల్పుగా పరుచుకుంటుంది. కణానికీ కణానికీ మధ్య పరిమాణంలో తేడా ఉంటే ఇక్కడ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కణాల మధ్య ఉండే పీచు పదార్థం గులాబీ, ఊదా కలిసిన మెజెంటా రంగులోకి తిరుగుతుంది. ఫైబ్రోఅడినోమాలో ఆ మెజెంటా ముద్దలుంటాయి. వాటి పక్కన కణాలు ఒకదాన్నొకటి వదలకుండా కొమ్మలు వేసిన గుంపులుగా ఉంటాయి. జింక కొమ్ము ఆకారం అని మా పుస్తకాల్లో దీనికి పేరు. చుట్టూ కోలగా, పైపొర లేకుండా, ఉత్త కేంద్రకాలు చెల్లాచెదరుగా పడి ఉంటాయి. పాలనాళాలకు బయటివైపు కాపలా కణాల వరుస ఒకటి ఉంటుంది. ఆ కేంద్రకాలు ఎక్కువగా అక్కడివే. అవి నిండుగా కనబడితే నా మనసు తేలికపడుతుంది. క్యాన్సర్‌లో సాధారణంగా అవి మాయమవుతాయి. కణాలు ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా తిరుగుతాయి, కేంద్రకాలు పెద్దవై గతుకులు పడతాయి.

ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. చెన్నై గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. కార్తీకమాసం వానల్లో అద్దం మీద రాసింది ఒక పట్టాన ఆరదు. నిదానంగా ఆరిన కణం రూపం చెడుతుంది, రంగు మసకగా పడుతుంది, చదివేవాళ్లకు లేనిపోని అనుమానాలు పుడతాయి. అద్దాన్ని ఫ్యాను దగ్గర పట్టుకుని గబగబా ఆరబెట్టిన మనిషి మీకు మేలు చేశారు.

ఇక మీ అత్తయ్య భయం. ఆవిడ ఒక్కరిదే కాదు, ఈ మాట అనని ఊరు లేదు. మామూలు గడ్డను సూది గుచ్చి క్యాన్సర్‌గా మార్చడం అసాధ్యం. క్యాన్సర్ గడ్డ అయినా సూది దారిలో కణాలు పడి అక్కడ పెరగడం చాలా అరుదు, దానివల్ల ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఈ భయంతో పరీక్ష మానుకుని, గడ్డ చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చాక వచ్చే తల్లులను నేను చూస్తున్నాను. ఆవిడకు ఈ పేరా చదివి వినిపించండి. మీ స్కాన్ కూడా ఫైబ్రోఅడినోమా అనే చెబుతోందా, చేత్తో చూసిన డాక్టరుకూ అలాగే అనిపించిందా అని ఒకసారి అడగండి. చేతికి తగిలింది, స్కాన్‌లో కనబడింది, స్లైడు చెప్పింది, మూడూ ఒకే మాట మీద ఉంటేనే నిశ్చింత. తర్వాత ఎప్పుడైనా గడ్డ పెరిగినట్టు అనిపిస్తే మళ్లీ చూపించుకోవాలి.

పెరంబూరు నుంచి ఒక భర్త: మా ఆవిడకు 46. సూది పరీక్షలో "అనుమానాస్పదం, నాలుగో వర్గం" అని రాశారు. ఇప్పుడు లావు సూదితో బయాప్సీ అంటున్నారు. తిన్నగా ఆపరేషన్ చేసేస్తే సరిపోదా? రెండోసారి డబ్బు గుంజడానికి కాదు కదా?

సూది పరీక్ష రిపోర్టుకు ఇప్పుడు ప్రపంచమంతా చాలాచోట్ల ఒకే పద్ధతి వాడుతున్నారు, యొకొహామా పద్ధతి అంటారు. అందులో అయిదు మెట్లు: చాలినన్ని కణాలు రాలేదు, హాని లేనిది, కొంచెం తేడాగా ఉంది, అనుమానం గట్టిగా ఉంది, క్యాన్సర్. మీ ఆవిడ రిపోర్టు నాలుగో మెట్టు మీద ఉంది. ఆ మెట్టు మీద ఆపరేషన్‌కు పంపడం న్యాయం కాదు, ఇంటికి పంపడం అంతకన్నా కాదు.

కణాలు విడిగా చూస్తే నాకు తెలియనిది ఒకటుంది. అవి ఇంకా పాలనాళం గోడ లోపలే ఉన్నాయా, గోడ దాటి బయటికి పాకాయా అన్నది. అది తెలియాలంటే గోడతో సహా ముక్క కావాలి. సాధారణంగా 14 గేజ్ సూదితో తీసే ఆ సన్నటి దారం లాంటి ముక్కను మైనంలో పోసి, మైక్రాన్ల మందాన కోసి, నీలం, గులాబీ రంగులు వేస్తాం. అప్పటికీ అనుమానం తీరకపోతే కాపలా కణాలను మాత్రమే పట్టే పి63 అనే రంగు వేస్తాం. కణాల చుట్టూ ఆ వరుస తెగకుండా ఉంటే జబ్బు లోపలే ఉందని అర్థం. ఈ ఒక్క తేడాతో ఆపరేషన్ రూపమే మారిపోతుంది. కొందరికి ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. అది తేల్చడానికి కావలసిన హార్మోన్ పరీక్షలు (వాటి సంగతి కింది జవాబులో) కూడా ఈ ముక్క మీదే చేస్తారు.

డబ్బు గురించి మీరు అడగడంలో తప్పేమీ లేదు. ఏ పరీక్ష రాసినా డాక్టరును ఒక్క మాట అడగండి: "దీని ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా?" మారదంటే ఎందుకని నిలదీయండి. ఈ బయాప్సీకి మాత్రం మారుతుందనే జవాబు వస్తుంది.

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక కూతురు: మేడమ్, అమ్మకు 58. రాజంపేట దగ్గర మా ఊరు. అక్కడికి దగ్గర్లోనే బయాప్సీ చేసి, ముక్కను చిన్న సీసాలో వేసి నా చేతికిచ్చారు. రాత్రి బస్సులో బెంగళూరు తెచ్చి ల్యాబ్‌లో ఇచ్చాను. క్యాన్సర్ అని వచ్చింది. ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్, హెర్-2 దగ్గర "2+" అని రాశారు. కింద ఒక వాక్యం: "పక్కనున్న మామూలు నాళాల్లోనూ రంగు పడలేదు, ముక్క సరిగా నిలవ చేయబడలేదేమో, ఫలితాన్ని జాగ్రత్తగా పరిగణించాలి." ఇప్పుడు ఫిష్ పరీక్ష చేయించమంటున్నారు. బస్సులో తేవడంవల్ల పాడైందా? నావల్లేనా?

నీవల్ల కాదు తల్లీ. బస్సు ప్రయాణం ముక్కను పాడు చేయదు. సీసాలో ఏం పోశారన్నదే ప్రశ్న. నీ ఉత్తరాన్ని ఈ నెల పేజీకి నడిబొడ్డున పెట్టుకున్నాను. దీన్ని చదివేవాళ్లలో ఎవరో ఒకరు వచ్చే వారం అలాంటి సీసానే చేత్తో పట్టుకుని బస్సెక్కుతారు.

ముక్క ఒంట్లోంచి బయటికి వచ్చిన నిమిషం నుంచి కుళ్లడం మొదలవుతుంది. దాన్ని ఆపేది ఫార్మలిన్. సరిగ్గా చెప్పాలంటే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. ముక్క బయటికి వచ్చిన గంటలోపు అందులో పడాలి. అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. సరైన ఫార్మలిన్‌లో వేసి ఉంటే నీ రాత్రి ప్రయాణం లెక్కలోకే రాదు, పైగా ఆ సమయంలోనే ముక్క గట్టిపడి ఉండేది. కానీ చాలాచోట్ల ఇప్పటికీ సెలైన్‌లో వేసి ఇస్తారు, ఒక్కోసారి స్పిరిట్‌లో. సెలైన్‌లో రాత్రంతా ఉన్న ముక్క కంటికి బాగానే కనబడుతుంది, లోపల మాత్రం రంగు పట్టుకోవాల్సిన ప్రొటీన్లు కరిగిపోతూ ఉంటాయి.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. ఈఆర్ అంటే కణం కేంద్రకంలో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్ (ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను అందుకునేది పీఆర్). దాన్ని మామూలు రంగు పట్టలేదు. దానికోసమే తయారుచేసిన యాంటీబాడీని ముక్క మీద పోస్తాం. ఆ ప్రొటీన్ ఉన్నచోట యాంటీబాడీ అతుక్కుంటుంది, దాని వెనకే మేం పంపే రసాయనం గోధుమ రంగులోకి మారుతుంది. ఒకే గురిని పట్టే యాంటీబాడీలను కావలసినంత తయారుచేసే దారి 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ చూపించారు. వాళ్లకు 1984లో నోబెల్ వచ్చింది. ఫార్మలిన్ బిగించేసిన ప్రొటీన్‌ను మళ్లీ తెరవడానికి ముక్కను బఫర్ ద్రావణంలో వేడి చేస్తాం. దానికి కొన్ని ల్యాబుల్లో మామూలు ప్రెషర్ కుక్కరే వాడతారు, అది పూర్తిగా శాస్త్రీయమే. క్యాన్సర్ కణాల్లో నూటికి ఒక్కదాని కేంద్రకమైనా గోధుమ రంగు పట్టితే ఈఆర్ పాజిటివ్ అనే రాస్తాం. ఒకటి నుంచి పది శాతం మధ్య ఉంటే తక్కువ పాజిటివ్ అని వేరుగా చెబుతాం.

చాలామంది ముక్కల్లో క్యాన్సర్ పక్కన కొద్దిగా మామూలు పాలనాళాలుంటాయి. వాటిలో కొన్ని కణాలకైనా ఈఆర్ ఉండి తీరాలి. అవి గోధుమ రంగు పట్టితే పరీక్ష సరిగ్గా జరిగిందని ముక్కే నాకు సాక్ష్యం చెబుతుంది. అమ్మ ముక్కలో ఆ సాక్ష్యం లేదు. అప్పుడు క్యాన్సర్ కణాల్లో రంగు పడకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. నిజంగా ఈఆర్ లేకపోవడం, లేదా ఉండి చెడిపోవడం. ఏదో తేల్చకుండా "నెగటివ్" అనే మాటను ఎవ్వరూ నమ్మకూడదు. ఆ వాక్యం రాసిన పాథాలజిస్టు నిజాయితీ ఉన్నవారు. చాలామంది ఆ వాక్యాన్ని చదవకుండానే దాటేస్తారు, నువ్వు ఆగావు.

ఇది అంత ముఖ్యమైన సంగతి ఎందుకంటే, ఈఆర్ ఉన్న క్యాన్సర్‌కు రోజూ ఒక మాత్రతో, టామాక్సిఫెన్ గానీ లెట్రోజోల్ గానీ, అయిదేళ్లు, కొందరికి పదేళ్లు రక్షణ దొరుకుతుంది. చెడిపోయిన ముక్క "నెగటివ్" అంటే ఆ మాత్ర ఆవిడకు ఎవరూ రాయరు. ఒక సీసాలో చౌకగా దొరికే ఫార్మలిన్ లేకపోతే జరిగేది అది. ఈ విషయం మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

హెర్-2 సంగతి వేరు. ఇది కణం పైపొర మీద ఉండే ప్రొటీన్. రంగు కణం చుట్టూ గీతలా పడుతుంది. అసలు లేకపోతే సున్నా, లీలగా, తెగిపోయిన గీతలా ఉంటే 1+. పది శాతానికి మించిన కణాల చుట్టూ ముదురుగా, ఎక్కడా తెగకుండా గీత ఉంటే 3+, అది పాజిటివ్. గీత చుట్టూ తిరిగినా పలచగానో మధ్యస్థంగానో ఉంటే 2+. దాని అర్థం రంగు ఎటూ తేల్చలేదని. అప్పుడు ప్రొటీన్‌ను వదిలి నేరుగా జన్యువును లెక్కపెడతాం, ఫిష్ అదే. చీకటిగదిలో ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కింద ఒక్కో కేంద్రకంలో హెర్-2 జన్యువు ఒక రంగు చుక్కగా, 17వ క్రోమోజోమ్ నడుము మరో రంగు చుక్కగా మెరుస్తాయి. మామూలు కణంలో రెండేసి. కనీసం ఇరవై కణాల్లో చుక్కలు లెక్కిస్తాం. హెర్-2 చుక్కలు ఆ 17వ క్రోమోజోమ్ చుక్కలకు రెండింతలో అంతకన్నా ఎక్కువో ఉండి, కణానికి సగటున నాలుగుకు తగ్గకుండా ఉంటే పాజిటివ్. అలా వస్తే ట్రాస్టుజుమాబ్ అనే మందు పనికొస్తుంది. అమెరికాలో దానికి 1998లో అనుమతి వచ్చింది. 2014లో మీ బెంగళూరులోని బయోకాన్ కంపెనీ ఆ మందుకు తాను తయారుచేసిన రూపాన్ని మన మార్కెట్లోకి తెచ్చింది. నెగటివ్ వచ్చినా ఆ రిపోర్టు దాచుకో. ఒంట్లో ఇతర భాగాలకు పాకిన జబ్బులో, 1+ లేదా ఫిష్ నెగటివ్ అయిన 2+ ఉన్నవాళ్లకు కూడా పనిచేసే మందు 2022 నుంచి వచ్చింది.

నువ్వు చేయాల్సింది ఇది. బయాప్సీ చేసినచోటికి ఫోన్ చేసి సీసాలో ఏం పోశారో, ఎన్నింటికి వేశారో అడిగి రాసిపెట్టుకో. గొడవ పడకు, సమాచారం ముఖ్యం. ఆంకాలజిస్టుకు, అంటే క్యాన్సర్ డాక్టరుకు, ఆ వాక్యం చూపించి, "మళ్లీ చిన్న బయాప్సీ తీసి సరైన ఫార్మలిన్‌లో వేసి ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ తిరిగి చేయించవచ్చా?" అని అడుగు. ముందు ఆపరేషనే అయితే, వచ్చే పెద్ద ముక్క మీద అవన్నీ మళ్లీ చేయమని ముందే చెప్పు. పెద్ద ముక్కను కోయకుండా అలాగే ఫార్మలిన్‌లో పడేస్తే ఫార్మలిన్ లోపలికి చేరదు, దాన్ని వెంటనే ల్యాబ్‌కు పంపాలి. పాడైన ముక్క మీద ఫిష్ చేస్తే అది కూడా తేలకుండా పోవచ్చు. కాబట్టి మళ్లీ బయాప్సీ వీలైతే డబ్బు దానికి పెట్టు.

మిగతా పాఠకులారా, మీ చేతికి ఎప్పుడైనా సీసా ఇస్తే, మూత తీయకుండానే మూడు సంగతులు అడగండి: ఇది ఫార్మలినేనా, ముక్క ఎన్ని గంటలకు వేశారు, పేరు సీసా మీద రాశారా? మూత మీద రాస్తే చాలదు, మూతలు మారిపోతాయి.

గూడూరు నుంచి, ఏడాదిన్నర పాప తల్లి: రొమ్ములో గట్టి గడ్డ, నొప్పి, తర్వాత చీము. స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం అన్నారు. ఇంట్లో రెండు వారాలు ఎవరం తినలేదు. సూది పరీక్షలో "క్యాన్సర్ కణాలు లేవు, గ్రాన్యులోమా, ఏఎఫ్‌బీ రంగు నెగటివ్" అని వచ్చింది. అంటే టీబీయా?

క్యాన్సర్ కణాలు లేవని చెప్పారు కదా, ముందు అందరూ అన్నం తినండి. మన దేశంలో రొమ్ములో క్యాన్సర్‌లా వేషం వేసే జబ్బుల్లో ఇది ముఖ్యమైనది. గ్రాన్యులోమా అంటే ఒంటి రక్షణ కణాలు ఏదో శత్రువు చుట్టూ గుమిగూడిన ముద్ద. ఆ శత్రువు టీబీ కావచ్చు. కాన్పయిన కొన్నేళ్లలో, ఏ క్రిమీ లేకుండానే వచ్చే గ్రాన్యులోమా జబ్బు కూడా ఉంది. ఏఎఫ్‌బీ రంగు అంటే జీల్-నీల్సన్ పద్ధతి. అందులో టీబీ క్రిమి నీలం మధ్య ఎర్రటి సన్న కడ్డీలా కనబడాలి. రొమ్ము టీబీలో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, నిజంగా టీబీ ఉన్నవాళ్లలోనూ ఈ రంగు తరచూ నెగటివ్ వస్తుంది. అందుకని చీమును కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్ష), టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్షకు పంపారా అని అడగండి. రెండు జబ్బులకూ వైద్యం పూర్తిగా వేరు. ఒకదానికి స్టెరాయిడ్ ఇస్తారు, అది రెండోదానికి చేటు. కారణం తేలేదాకా ఎవరు తొందరపెట్టినా స్టెరాయిడ్ గానీ టీబీ మందు గానీ మొదలుపెట్టవద్దు.

టి.నగర్ నుంచి: 52 ఏళ్లు. ఒకవైపు చనుమొన నుంచి నెత్తురు చుక్కలు. దాన్ని అద్దం మీద రాసి పరీక్ష చేస్తే "క్యాన్సర్ కణాలు లేవు" అన్నారు. ఊరుకోవచ్చా?

ఊరుకోకండి. ఆ చుక్కలో కణాలు కొన్నే ఉంటాయి, అవీ చాలావరకు చెడిపోయి ఉంటాయి. ఉందని వస్తే నమ్మాలి, లేదని వస్తే మాత్రం దానిమీద ఆధారపడకూడదు. ఒకవైపు నుంచే, దానంతటదే, నెత్తురు వస్తోందంటే మామోగ్రామ్, స్కాన్ రెండూ చేయించుకుని ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి.

తిరుపతి నుంచి ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) విద్యార్థిని: మేడమ్, కేంద్రకాలకు వేసే హిమటాక్సిలిన్ ఎందుకు నీలం? మా ల్యాబ్‌లో ఒక్కోరోజు కేంద్రకాలు ఎర్రగా, ఊదాగా వస్తున్నాయి. సార్ నీళ్లు మార్చమంటారు, కారణం చెప్పరు.

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ముక్కకు నీలం, గులాబీ రంగులు వేస్తామని పైన చెప్పాను కదా, అందులో నీలం ఇదే. హిమటాక్సిలిన్ ఒక చెట్టు చేవలోంచి వస్తుంది, మెక్సికోలోని కంపెచె ప్రాంతపు చెట్టు. తీసినప్పుడు దానికి రంగు ఉండదు. గాలికో రసాయనానికో ఆక్సిజన్ పట్టి హిమటీన్‌గా మారితేనే రంగు. అదొక్కటే కణాన్ని పట్టుకోలేదు కూడా. మధ్యలో పటిక కావాలి. నీకు దగ్గర్లోనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూసి ఉంటావు. బట్ట మీద ముందు పటిక నీళ్లతో గీసి, తర్వాత రంగు నీళ్లలో ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట కడిగితే పోతుంది. ఇక్కడా అంతే. పటికలోని అల్యూమినియం హిమటీన్‌తో జతకట్టి ప్లస్ ఆవేశంతో ఉంటుంది, కేంద్రకంలోని డీఎన్‌ఏ మైనస్. అందుకే కేంద్రకాన్ని పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న సైటోప్లాజంలోని ప్రొటీన్లను ఇయోసిన్ గులాబీ చేస్తుంది.

మీ సార్ మాట నిజమే. హిమటాక్సిలిన్ ద్రావణం ఆమ్లంగా ఉంటుంది, అందులోంచి తీసినప్పుడు కేంద్రకం ఎర్రటి ఊదాలోనే ఉంటుంది. క్షార గుణమున్న నీళ్లలో కడిగితే నీలానికి తిరుగుతుంది. మీ కుళాయి నీళ్ల గుణం రోజుకొకలా ఉంటే రంగూ అలాగే ఉంటుంది. 2019 వేసవిలో పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయి చెన్నై అంతా లారీ నీళ్ల మీద బతికినప్పుడు, ఒక్కో లారీకి మా స్లైడుల నీలం మారిపోయేది. అప్పటినుంచి నేను కుళాయిని నమ్మడం మానేశాను. పలచటి అమ్మోనియా నీళ్లు గానీ, సోడియం బైకార్బొనేట్, మెగ్నీషియం సల్ఫేట్ కలిపి చేసే స్కాట్ నీళ్లు గానీ వాడండి. రోజూ పొద్దున పేషెంటు స్లైడుల కంటే ముందు, ఫలితం తెలిసిన ఒక స్లైడుకు రంగు వేసి చూడు. అది సరిగా రాకపోతే మిగతావి ముట్టుకోవద్దు. రొమ్ము గడ్డలో కేంద్రకం ఊదాగా ముద్దకట్టి కనబడితే, అది జబ్బా, మీ నీళ్లా అన్నది చదివేవాళ్లకు తేలదు.

చిత్తూరు నుంచి, 63 ఏళ్ల పెద్దాయన: మా కోడలి రిపోర్టును చెన్నైలో మరో డాక్టరుకు చూపించాలని ఉంది. మొదటి డాక్టరు బాధపడతారేమో. స్లైడులు అడిగితే ఇస్తారా? మైనం ముక్క అంటున్నారు, అదేమిటి?

బాధపడరు బాబాయ్ గారూ. చిక్కుగా ఉన్న స్లైడును నేనే నా తోటి పాథాలజిస్టులకు పంపుతాను. అడయార్‌లో ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్లకు, బయట చేసిన స్లైడులు పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో.

రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళితే రెండో డాక్టరు చదివేది మొదటివారి అభిప్రాయాన్నే. స్లైడులు కావాలి, వాటితోపాటు బ్లాకు కావాలి. బ్లాకు అంటే మీ కోడలి ముక్కను లోపల ఉంచి పోసిన పారఫిన్ మైనపు బిళ్ల, చిన్న ప్లాస్టిక్ చట్రంలో ఉంటుంది. కొత్త రంగు ఏది వేయాలన్నా అందులోంచే కోయాలి, అది పోతే మళ్లీ రాదు. ల్యాబ్‌కు ఒక కాగితం రాసి, రిపోర్టు నంబరు వేసి అడగండి. బ్లాకు మీద ఉన్న నంబరు, రిపోర్టులో ఉన్న నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. స్లైడులు పెట్టెలో నిలబెట్టి తీసుకురండి, రబ్బరు బ్యాండుతో కట్టవద్దు, పగులుతాయి. బ్లాకును కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టవద్దు. మే నెల ఎండలో నిలిపిన కారులో మైనం మెత్తబడుతుంది. చేతిసంచిలో, నీడపట్టున పెట్టుకోండి. రెండో పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకును అడిగి వెనక్కి తీసుకోండి. ఏడాదికో రెండేళ్లకో కొత్త మందు వస్తే, అది మీ కోడలికి పనికొస్తుందా లేదా అని దానిమీదే చూడాలి.